ఆపా చూడని ఆరు డబ్బాలు

ఆఫీసులో నాకు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. తొంభై తొమ్మిదిలో ల్యాప్‌టాప్ అంటే మాటలా! మా సెక్షన్‌లో మొదటిది నాదే. అందరూ చుట్టూ మూగి "దావత్ ఎప్పుడు, అన్నా?" అని అడుగుతుంటే, నేను దాని మూత మూసి, నా కళ్లు కూడా మూసుకుని, చిటికెన వేలి గోరుతో అంచు చుట్టూ గీస్తూ కూర్చున్నాను. ఎడమ మూల దగ్గర గోరు టక్కున ఆగింది. కళ్లు తెరిచి చూస్తే అక్కడ మూత వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. తిరగేసి చూశాను. అడుగున ఒక స్క్రూ పక్కన ప్లాస్టిక్ చిన్న ముల్లులా పొడుచుకొచ్చింది. పైన అతికించిన కంపెనీ గుర్తు వంకరగా ఉంది.

అంతే, ఇక నాకు కుదురు లేదు. మధ్యాహ్నం పని ఎగ్గొట్టి, అమ్మిన షాపుకు పట్టుకుపోయాను. షాపాయన నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి నవ్వాడు.

"పైపై ముచ్చట సార్ ఇది. లోపల మిషన్ ఫస్ట్ క్లాస్. పనికేం అడ్డం చెప్పండి?"

పనికేం అడ్డం! ఈ మాట ఒకప్పుడు నేను రోజుకు పదిసార్లు అనేవాణ్ణి, ఒకే ఒక్క మనిషితో. ఆమె ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేది. "మొఖం మీద గాటు గూడ పనికి అడ్డం గాదు సార్. అద్దంల చూసుకున్నప్పుడల్లా కానొస్తది గద."

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపులోంచి వచ్చేశాను. ఏడేళ్లుగా రేపు మాపు అని తప్పించుకు తిరిగిన పని ఒకటి ఉంది. ఆదివారం పొద్దున్నే జడ్చర్ల బస్సెక్కాను.

ఆమె పేరు నాకు తెలుసు, రాయను. ఫ్యాక్టరీలో పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా లేరు. ఉర్దూలో ఆపా అంటే అక్క, ఓనరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె ఆపా.

ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. జడ్చర్ల దాటాక రోడ్డుకు కాస్త లోపలికి రెండు రేకుల షెడ్లు. ఎనభైల్లో అక్కడ టీవీలకు డబ్బాలు చేసేవారు. నేను చేరేటప్పటికి కంప్యూటర్లు మొదలయ్యాయి. లోపలి సామాను హైదరాబాదు నుంచి వచ్చేది. ఇనుప రేకు వంచి డబ్బా చేసి, రంగు కొట్టి, సామాను అందులో బిగించి, జిల్లాల్లోని ఆఫీసులకు పంపడం మా పని. నేను సూపర్‌వైజర్ని. చిట్యాల పక్క మనిషిని, పాలిటెక్నిక్ చదివాను, వయసు ఇరవై ఆరు. తొందర తప్ప వేరే గుణం లేదు. నడుస్తూ తినేవాణ్ణి, ఎదుటివాళ్లు మాట పూర్తిచేసే లోపలే జవాబు చెప్పేవాణ్ణి. ఆపా చెకింగ్ చేసేది. ఆమె ఊ అంటేనే డబ్బా బయటికి పోవాలి. ఇక చూస్కోండి మా ఇద్దరికీ.

చెకింగ్ బల్ల దగ్గరికి వచ్చేముందు ఆపా చెప్పులు విప్పేది. నేను ఏడిపించేవాణ్ణి.

"ఏందాపా, దర్గానా ఇది?"

"కాళ్లకు చెప్పులుంటె చేతులకు సోయి ఉండదు సార్. మీకు తెల్వదు, పోన్రి."

తర్వాత రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుని, గుడ్డతో వేలు వేలునా తుడుచుకుని, డబ్బా ముందు నిలబడి కళ్లు మూసుకునేది. కళ్లు మూసుకుని చెకింగేమిటని కొత్తవాళ్లు నవ్వేవారు. ముందు చేతులతో చూడాలి, కళ్లతో ఆ తర్వాత చూడాలి, కళ్లు లంచగొండివి అనేది. గోరింట పెట్టిన చిటికెన గోరు అంచుల మీదుగా పాకుతూ పోయేది. ఎక్కడ ఆగిందో అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టేది. ఆ సున్నాలు చూస్తే నా ఒళ్లు మండిపోయేది.

తప్పులకు ఆమె పెట్టిన పేర్లు వేరు. రంగు బుడగలు లేస్తే "దీనికి అమ్మ పోసింది సార్". ముందు పలక సరిగ్గా కూర్చోకపోతే "గిది నోరు తెరిచింది". రెండు బటన్లు ఒక వరసలో లేకపోతే "మెల్లకన్ను". డబ్బాతోనే నేరుగా మాట్లాడేది కూడా. "ఏందే, మంచిగ కూసోరాదా? ఎవరింటికి పోతవో ఏమో, గిట్లనే పోతవా?" అని వీపు మీద ఒకటి చరిచేది.

ఆమె సొంత సామాను చూస్తే మాత్రం మతిపోయేది. సొట్టలు పడ్డ టిఫిను డబ్బా, పిన్నీసు గుచ్చిన చెప్పు, ఒక ఊచ విరిగి ఒకవైపు వాలిపోయిన గొడుగు. "ముందు నీ గొడుగు చెక్ చెయ్ ఆపా" అన్నాను ఒకసారి. ఆమెకు నిజంగానే నవ్వొచ్చింది. "నాది నేనే చూస్త గద సార్. గివి పరాయోళ్లు చూసేటియి" అంది.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదని అనుకునేవాణ్ణి. ఒకరోజు టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ చెప్పింది. వాళ్ల నాన్నది కొల్లాపూర్. పెళ్లికూతుళ్లకు పెట్టే రేకు సందూకులు చేసేవాడట. సందూకు తయారయ్యాక, ఏడెనిమిదేళ్ల ఈ పిల్లను అందులో కూర్చోబెట్టి మూత వేసేవాడట. "వెలుగు యాడ కానొస్తుంది బేటీ?" అని బయటినుంచి అడిగేవాడు. "ఎడమ మూలకు, బాబా" అని ఇది లోపలినుంచి అరిచేది. ఆ మూలను సుత్తితో కొట్టి సరిచేసి మళ్లీ అడిగేవాడు. ఎక్కడా వెలుగు లేదు అన్నాకే మూత తీసేవాడు.

"భయం కాలేదా?"

"భయమెందుకు? నేను లేదంటెనే గద బాబా మూత తీస్తడు. సందూకు మంచిగైందా లేదా నా మాట మీదనే ఉండె" అంది. ఆ గర్వం నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు.

ఒకసారి గీత పడ్డ చోట కంపెనీ స్టిక్కర్ అతికించి పంపబోయాను. ఆపా వచ్చి, అడగనైనా అడగకుండా గోరుతో స్టిక్కర్ పీకేసింది. "దెబ్బ మీద బొట్టు పెడితె దెబ్బ పోతదా సార్?" అంది. పదిమంది ముందు! ఆ రోజు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తే.

కార్డుల సంగతి చెప్పాలి. చూసిన ప్రతి డబ్బాలోనూ చెకింగ్ అయినట్టు ఒక కార్డు పెట్టాలి. ఆపాకు రాయడం రాదు, వేలిముద్ర వేసేది. డబ్బా డబ్బాకూ వేలికి సిరా అద్దుకుంటే తెల్లటి రంగుకు మరక అవుతుంది. అందుకని పొద్దున రాగానే ఆ రోజుకు కావలసిన కార్డులన్నిటికీ ఒకేసారి ముద్రలు వేసి, ఆరబెట్టి, చేతులు కడుక్కుని అప్పుడు పని మొదలుపెట్టేది. సాయంత్రం కార్డులు మిగిలితే తన చేతులతో చింపేసి పోయేది. మరిచిపోవడమన్నది లేదు. ఆమె బొటనవేలికి చిన్నప్పుడు రేకు తెగిన గాటు ఉంది. ఆ ముద్ర మధ్యలో అడ్డంగా ఒక తెల్లని గీత పడేది. ఎక్కడున్నా అది ఆపాదేనని గుడ్డివాడు కూడా చెప్పగలడు.

ఏడేళ్ల కిందటి శ్రావణంలో వాన వదలకుండా పట్టుకుంది. నల్లగొండలో ఒక ఆఫీసుకు ఇరవై కంప్యూటర్లు పంపాలి. శుక్రవారం పూజ చేసి మొదలుపెడతామని అక్కడి ఆఫీసరు పట్టుబట్టాడు. గురువారం పొద్దున్నే వ్యాను కదలాలి. కరెంటు పోతూ వస్తూ ఉంది, రంగు ఆరబెట్టే పొయ్యి సరిగ్గా వేడెక్కడం లేదు. ఆ నెలే నన్ను పర్మనెంట్ చెయ్యాలా వద్దా అని ఓనరు తేల్చాలి. నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

బుధవారం సాయంత్రం దాకా ఆపా పద్నాలుగు చూసింది. ఇంకా ఆరు మిగిలాయి. అప్పుడు బాదేపల్లి నుంచి పక్కింటాయన సైకిల్ మీద వచ్చాడు. ఆపా కూతురికి నొప్పులు మొదలయ్యాయి, దవాఖానకు తీసుకుపోయారు అన్నాడు. తొలి కాన్పు. ఆపా గాభరాగా చెప్పులు వెతుక్కుంటూ, "సార్, గా ఆరు పొద్దుగాల వచ్చి చూస్త. జర ఆపుండ్రి, మీ కాల్మొక్త" అని ఉరికింది. మిగిలిన ఆరు కార్డులు బల్ల మీద, రాయి కింద అలాగే ఉండిపోయాయి.

నేను ఆ ఆరు డబ్బాల దగ్గరికి వెళ్లి ఒకదాని మీద వేలు పెట్టి చూశాను. రంగు జిగటగా ఉంది. రెండింటికి ముందు పలకలు నోళ్లు తెరిచి ఉన్నాయి. అన్నీ కనిపించాయి నాకు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా లేదు. ఆరు కార్డులూ ఆరు డబ్బాల్లో పెట్టాను. పొద్దున్నే వ్యాను వెళ్లిపోయింది.

ఆపా మరునాడు మధ్యాహ్నం వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, మొహమంతా నవ్వు. ఆడపిల్ల పుట్టిందట. అందరికీ బెల్లంముక్కలు పంచింది. తర్వాత చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి, ఖాళీ బల్ల చూసి ఆగిపోయింది.

"సార్, ఆరు ఉండె గద?"

"ఏ ఆరు?"

"నిన్న మిగిలినయి."

"మిగల్లేదు ఆపా. అన్నీ చూసే పోయినవ్ గద."

"చూసిన్నా?"

"చూసినవ్. కార్డులు గూడ నువ్వే పెట్టినవ్. బిడ్డ రంధిల నీకు యాది లేదు."

ఆమె తన కుడిచెయ్యి పైకెత్తి, ఆ వేళ్లను చూసుకుంది. "ఔనా..." అంది. "గట్లనే అయ్యుంటది సార్. నిన్న నా పానం నాలోన లేకుండె." ఆమె నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో!

మూడు వారాలకు ఆరు కంప్యూటర్లు వాపసు వచ్చాయి. పూజనాడు వాళ్లు ప్రతి డబ్బాకూ తడి గంధం, కుంకుమ పెట్టారు. తర్వాత తుడవబోతే ఆ ఆరింటికీ బొట్టుతో పాటు రంగు కూడా ఊడి వచ్చింది. తెల్లటి డబ్బాల ముందు కింది ఎర్రపూత బయటపడి పచ్చిపుండ్లలా మచ్చలు. ఓనరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆపాను పిలిచి కార్డులు ఆమె ముందు పడేశాడు.

"ఎవరిదమ్మా ఈ వేలు?"

ఆపా కార్డు తీసి చూసింది. మధ్యలో తెల్లని గీత. "నాదే సార్" అంది. తర్వాత డబ్బా దగ్గరికి వెళ్లి కళ్లు మూసుకుని చెయ్యి పెట్టింది. రంగు పొర ఆమె గోటి కింద లేచివచ్చింది. "గింత పచ్చిగ ఉంటె నా వేలికెట్ల తెల్వలె?" అంది. మాతో కాదు, ఎవరితోనూ కాదు.

ఓనరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఈమె చూసిందా వీటిని?"

ఒక్క మాట. లేదు సార్, చూడలేదు, పంపింది నేను అంటే సరిపోయేది. మహా అయితే నా ఉద్యోగం పోయేది. ఇంకోచోట దొరికేది కూడా.

"చూసింది సార్" అన్నాను.

ఓనరు ఆపాను తీసెయ్యలేదు. ఇకమీదట జాగ్రత్త అని వదిలేశాడు. తీసేసి ఉంటే ఆమె నాలుగు తిట్లు తిట్టుకుని ఇంకో పని చూసుకునేదేమో. ఆ మర్నాటి నుంచి ఆపా ఆపాగా లేదు. చూసిన డబ్బానే మళ్లీ చూసేది. ప్యాక్ చేసినవాటిని విప్పించేది. కళ్లు మూసుకోవడం మానేసింది. గోరు ఒక మూలకు పోయి వెనక్కి వచ్చేది, మళ్లీ పోయేది. దారినపోయే వాళ్లను పిలిచి "జర నువ్వు గూడ చెయ్యి పెట్టి చూడు" అని బతిమాలేది. నన్ను కూడా అడిగింది. నేను చెయ్యి పెట్టి, బాగానే ఉంది ఆపా అన్నాను. థూ నా బతుకు! అనడానికి కూడా నోరు వచ్చింది నాకు.

రెండు నెలలు అలా గడిచాక, ఒక పొద్దున కార్డులు ముందు పెట్టుకుని, సిరా డబ్బా మూత తెరిచి, అలాగే కూర్చుండిపోయింది. వేలు పెట్టలేదు. కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చింది.

"నేను బందు పెడుతున్న సార్. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు. ఎట్ల ముద్ర ఎయ్యాలె?"

వద్దని ఒక్కమాట అనలేదు నేను. నిజం చెప్తున్నా, ఆమె గేటు దాటి పోతుంటే నాకు హాయిగా అనిపించింది. అంతకుముందే నన్ను పర్మనెంట్ చేశారు.

ఆ తర్వాత ఒకే ఒక్కసారి కనపడింది. అప్పటికి నేను ఆ పని వదిలేసి హైదరాబాదు చేరాను. జడ్చర్లలో బస్సు మారుతుంటే, ఎదురుగా ఒక బడిలో కళ్ల క్యాంపు జరుగుతోంది. వరుసలో ఆపా నిలబడి ఉంది. నన్ను చూసి వరుస వదిలిపెట్టి ఉరికొచ్చింది.

"సార్! మంచిగున్నరా? చిక్కిపోయిన్రు. పెండ్లయిందా?"

"అయింది ఆపా. కండ్లకేమైంది?"

"గిది మూడో క్యాంపు సార్. అందరు డాక్టర్లు కండ్లు సాఫుగున్నయ్ అంటరు. నాకు తెల్వదా? సాఫుగుంటె గా ఆరు నాకెందుకు కానరాలె?" నా చెయ్యి పట్టుకుని చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కడ ఇప్పుడెవరు చూస్తున్నరు సార్? మంచిగ చూస్తున్నరా?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను. అప్పుడే బస్సు వచ్చి ఆగింది. "పోత ఆపా, మల్ల కలుస్త" అని ఎక్కేశాను. అది నా బస్సు కాదు. నాగర్‌కర్నూల్ దాకా వెళ్లి, దిగి, వెనక్కి వచ్చాను.

ఇదిగో, ఇన్నేళ్లకు ఆ ల్యాప్‌టాప్ నన్ను కూర్చోనివ్వకుండా లేవగొడితే బాదేపల్లి వెళ్లాను. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. కూతురు గుమ్మం దగ్గర కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. లేచి కుర్చీ వేసింది.

"అమ్మీ పోయి అయిదు నెలలయింది సార్. మీ గురించి చెప్తుండె. సార్ మంచోడు, ఓనరు కోపం చేసినా తను నన్ను ఒక్కమాట అనలె అనేది."

నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఆమె చెప్పుకుంటూ పోయింది. బియ్యం ఏరి, మళ్లీ కూతురి చేత ఏరించేదట. సూదిలో దారం పెట్టమంటే, పెట్టి, పెట్టానా లేదా చూడు అనేదట. తన కొడుక్కి పిల్లను చూడ్డానికి రమ్మంటే, నా చూపు మంచిగ లేదు, ఎసొంటి పిల్లను మీకు అంటగడతనో, మీరే చూసుకొని రాండ్రి అని ఇంట్లోనే ఉండిపోయిందట.

ఇక ఆగలేకపోయాను. "ఆ ఆరు డబ్బాలు మీ అమ్మ చూడలేదమ్మా" అన్నాను. ఎక్కడా ఆగకుండా చెప్పేశాను. వాన, కార్డులు, మర్నాడు నేను చెప్పిన అబద్ధం, ఓనరు ముందు చెప్పిన రెండో అబద్ధం, అన్నీ. ఆమె మిషను మీదినుంచి గుడ్డ తీసి మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే పడదామనే వచ్చాను.

"అమ్మీకి చెప్పకపోతిరి" అంది చివరికి. తర్వాత లోపలికి తిరిగి, "బేటీ, ఇటు రా" అని పిలిచింది.

ఏడేళ్ల పిల్ల వచ్చి తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. ఆ రోజు పుట్టిన పిల్ల. ఆపా దానికి నానీ, అంటే అమ్మమ్మ.

"మా అత్తగారింట్ల దీన్ని ఏమంటరో తెలుసా సార్? పుట్టుడుతోనే నానీ కొలువు మింగింది అంటరు. గది పుట్టిన దినమే అమ్మీ చెయ్యి తప్పె గద. పండుగకు పోతె అంటరు, పెండ్లికి పోతె అంటరు. అమ్మీ ఎన్నడు అనలె. నేనైతె అన్న, కోపంల, రెండుసార్లు. ఇప్పుడు నాకు చెప్పిన్రు గద, గదే దీనికి చెప్పున్రి."

పిల్ల నా వైపు చూసింది. కుర్చీ దిగి, దాని ఎత్తుకు కింద కూర్చున్నాను.

"మీ నానీ చెయ్యి ఎన్నడూ తప్పలేదు బిడ్డా. ఆమె చూడని సామాను నేను పంపిన. ఆమే చూసిందని అబద్ధం చెప్పిన. అందుకే ఆమె కొలువు వదిలిపెట్టింది."

పిల్ల తల్లి కొంగు వదిలింది.

"అయితె నానీ కొలువును నేను మింగలేదా?"

"లేదు బిడ్డా. నేను మింగిన."

దాని మొహంలో నా మీద కోపం ఇసుమంత కూడా లేదు. గిరుక్కున తిరిగి తల్లి చెయ్యి పట్టుకుని ఊపింది.

"అమ్మీ, ఇన్నవా? నేను గాదంట!"